పాంటూన్ పడవ డైరీ: ఊపిరి ఉన్న తెప్ప

మార్చి 2

మొత్తానికి వచ్చింది. ఇంటికి అంటే ఇంటికి కాదులెండి, మా వీధిలో ఆటో తిరగడానికే చోటు లేదు, గాజువాక ఆటోనగర్లో తెలిసినాయన షెడ్డు వెనకాల దింపించా. పద్దెనిమిది అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల వెడల్పు, కింద రెండు అల్యూమినియం గొట్టాలు, పైన చెక్క ఫ్లోరు, చుట్టూ రెయిలింగు, అంతే. ఒక రిసార్టు వాళ్ళు మూసేసుకుంటూ అమ్మితే లక్షా ఎనభై వేలకి తీసుకున్నా, ఇంజన్ లేకుండా. మా ఆవిడ చూసి "పడవ అన్నారు, పందిరి మంచం తెచ్చారేంటి" అంది. తప్పేం కాదు, చూస్తే అలాగే ఉంది.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెప్తా. మామూలు పడవ గిన్నెలాంటిది, లోపల మనం కూర్చుంటాం, పాంటూన్ అలా కాదు, రెండు పక్కలా మూసేసిన గొట్టాలు, వాటి మీద చదునుగా ఒక అరుగు. ముడసర్లోవ రిజర్వాయరులో సోలార్ పలకలు నీళ్ళ మీద తేలుతున్నాయి కదా, అదీ ఇదే కిటుకు, కాకపోతే వాటి కింద ఉండేది ప్లాస్టిక్. మా ఆవిడ ఇంకోటి కూడా అడిగింది, 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్ లో తేలే వంతెన మొదలెట్టిన మర్నాడే చివరి ముక్క విడిగా కనపడి ఎంత గోలయిందో, మీది కూడా అలాగే రెండయిపోదు కదా అని. అదేదో యాంకర్ల టెస్టు కోసం వాళ్ళే విడదీశామన్నారని చెప్పా. మన పడవకి అలా కాదంటే మాత్రం ఆవిడ నమ్మలేదు.

మార్చి 9

షెడ్డులో చెయిన్ బ్లాకుతో పైకి లేపాం. కుడి గొట్టం తేలిగ్గా లేచింది. ఎడమది లేస్తుంటే లోపల గుడగుడమని శబ్దం, కొబ్బరి బోండాం ఊపినట్టు. అప్పుడే గుండె జారింది.

ఒక్కో గొట్టం లోపల అడ్డుగోడలు పెట్టి మూడు గదులుగా చేశారు, ఒక గదిలోకి నీళ్ళొచ్చినా మిగతా రెండూ తేల్చాలని. ప్రతి గదికీ కింద ఒక ప్లగ్గు. ఎడమ పక్క నడి గది ప్లగ్గు విప్పితే బకెట్లు పట్టాం, లెక్కేస్తే అరవై లీటర్ల పైనే, అంటే అరవై కేజీలు, అంటే ఒక మనిషి టిక్కెట్టు లేకుండా లోపల కూర్చుని తిరుగుతున్నాడన్నమాట. అమ్మినాయన "ఎడమ పక్క కొంచెం వంగుతుందండీ, అటు కూలర్ బాక్సు ఉండేది కదా" అన్నాడు కొనేటప్పుడు. నేను కూడా తలూపా. ముప్ఫై ఏళ్ళు స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసినోడిని, తలూపేశా.

మార్చి 16

కన్నం వెతుకులాట. ఇది కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే ఇక్కడే జనం ప్రాణాల మీదకి తెచ్చుకుంటారు.

పంక్చర్ షాపులో ట్యూబుకి చేసినట్టే, లోపల గాలి కొట్టి బయట సబ్బు నీళ్ళు రాయాలి. షెడ్డు కుర్రాడు వెంటనే కంప్రెసర్ పైపు లాక్కొచ్చాడు. ఆగమన్నా. గొట్టం అడ్డకొలత ఇరవై అంగుళాలు, అంటే చివర మూత వైశాల్యం 314 చదరపు అంగుళాలు. రెండు పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి రెండు పౌండ్ల ఒత్తిడి, కొడితేనే ఆ మూత మీద 628 పౌండ్ల తోపు, మన లెక్కలో 285 కేజీలు. కంప్రెసర్లో ఉండేది వంద పీఎస్ఐ పైన. కుర్రాడు ఒక్క క్షణం ఏమరుపాటుగా ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ఇరవై దాకా పోనిచ్చాడనుకోండి, దాదాపు మూడు టన్నులు, మూత ఊడొచ్చి ఎదురుగా ఎవడుంటే వాడిని తీసుకుపోతుంది. ఈ గొట్టాలు గ్యాస్ సిలిండర్లు కావు, పల్చటి రేకు చుట్టలు. అందుకని మా మేనల్లుడి సైకిల్ పంపు, దానికి చిన్న గేజి, రెండు దాటకుండా. వాడే కొట్టాడు, ఆయాసపడుతూ "మావయ్యా ఇంకెంతసేపు" అంటూ.

సబ్బు నీళ్ళు పెయింట్ బ్రష్షుతో రాసుకుంటూ పోతే అతుకులన్నీ బాగానే ఉన్నాయి, వెల్డింగు చేసినోడెవడో మంచోడు. బుడగలు వచ్చింది మాత్రం ప్లగ్గు దగ్గరే. ఎవరో పాత ప్లగ్గు పోతే ఇత్తడి ప్లగ్గు బిగించారు. అల్యూమినియంకి ఇత్తడి తగిలించి తడిలో పెడితే అది బ్యాటరీ అయిపోతుంది, తినబడేది అల్యూమినియమే. ప్లగ్గు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి పొడి, దాన్ని స్క్రూడ్రైవర్ తో గీకితే కింద ఆవగింజంత గుంటలు, ఒక గుంటలోకి మొన దిగిపోయింది. నలభై రూపాయల ఇత్తడి ముక్క పని అది.

మార్చి 23

వెల్డింగు అయింది. ఆటోనగర్లో ఇనుము అతికేవాళ్ళు అడుగుకి ఒకరుంటారు, అల్యూమినియంకి టిగ్ వెల్డింగు చేసే చెయ్యి దొరకడం కష్టం. దొరికిన తమ్ముడు ముందు ఒకటే అడిగాడు, "సార్, లోపల పెట్రోల్ ఎప్పుడైనా పడిందా?" ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. పడలేదు కానీ నీళ్ళ తడి ఉంది, తడి ఉంటే అతుకులో స్పాంజిలాగా బుడగలు వస్తాయి, అందుకని రెండు రోజులు ప్లగ్గు విప్పి ఎండలో పెట్టి పాత హెయిర్ డ్రయ్యర్ కూడా పెట్టాం (ఆవిడది, చెప్పలేదు). ఇంకో సంగతి, గది మూసేసి మంట పెట్టకూడదు, లోపల గాలి వేడెక్కి కరిగిన లోహాన్ని బయటికి ఊదేస్తుంది, ఎక్కడో ఒకచోట దారి వదలాలి. అల్యూమినియంకి మాత్రమే వాడే స్టీలు బ్రష్షుతో రుద్ది, కుళ్ళిన చోటు వలయంగా కోసేసి, కొత్త అల్యూమినియం బుష్ పెట్టి, 5356 అనే అల్యూమినియం రాడ్ తో చుట్టూ అతికాడు. అతుకు వరసగా పేర్చిన రూపాయి బిళ్ళల్లాగా వచ్చింది. మళ్ళీ సైకిల్ పంపు, మళ్ళీ సబ్బు. రాత్రంతా గేజి ముల్లు ఎక్కడిదక్కడే ఉందా అంటే కొంచెం దిగింది, కానీ రాత్రి చల్లబడితే గాలి ముడుచుకుంటుంది కదా, పొద్దున్న ఎండెక్కాక మళ్ళీ రెండుకి వచ్చింది. హమ్మయ్య.

ఏప్రిల్ 6

ఫ్లోరు. పాత ప్లైవుడ్ అప్పడంలా విరిగిపోతోంది, పీకేశా. కొత్తది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, షాపువాడు 303 చూపించి "ఇదీ వాటర్ ప్రూఫే సార్" అన్నాడు, వంటింటి అల్మరాకి ప్రూఫే, దీనికి కాదు. రాగి మందు పట్టించిన చెక్క కూడా వద్దు, అల్యూమినియం మీద కూర్చుంటే ఇత్తడి ప్లగ్గు కథే మళ్ళీ. చెక్కకీ లోహానికీ మధ్య రబ్బరు పట్టీ, స్టెయిన్ లెస్ బోల్టుల కింద నైలాన్ వాషర్లు. మూడు ఆదివారాలు పోయాయి, రాయడానికేం లేదు, నడుం నొప్పి తప్ప.

ఏప్రిల్ 20

ఇంజన్ కోసం ఫిషింగ్ హార్బర్ చుట్టూ తిరుగుతున్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, 61 రోజులు, ఇంజను పడవలన్నీ ఒడ్డునే. అందరూ ఇప్పుడే ఇంజన్లు విప్పుకుంటారు కాబట్టి మెకానిక్కులకి తల గోక్కునే టైము లేదు. చివరికి ఒక పాత 9.9 హార్స్ పవర్ టూ స్ట్రోక్ దొరికింది. నలభై కేజీల దాకా బరువు. డ్రమ్ములో నీళ్ళు పోసి అందులో ముంచి స్టార్ట్ చేస్తే పక్క నుంచి సన్నటి ధార రావాలి, ఇంజన్ని చల్లబరిచే నీళ్ళ పంపు పనిచేస్తోందనడానికి గుర్తు అదే. రాలేదు. ఆ పంపులో తిరిగే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు వంకర తిరిగి గట్టిపడిపోయాయి, మార్పించా. నీళ్ళు లేకుండా కాసేపు తిప్పినా చాలు ఆ రబ్బరు పోతుంది, "ఒకసారి సౌండ్ విందాం" అని ఒడ్డున స్టార్ట్ చేసేవాళ్ళు మన దగ్గర చాలామంది. పెట్రోల్లో ఆయిల్ లీటరుకి 20 మిల్లీ, ఐదు లీటర్ల క్యానుకి వంద, ముందే కొలిచి సీసాల్లో పోసి పెట్టుకున్నా.

పెట్రోల్ అంటే గుర్తొచ్చింది, 2023 నవంబర్ 19 రాత్రి ఇదే హార్బర్లో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. ఆ జెట్టీ పక్కన నిలబడి క్యాను పట్టుకుంటే చెయ్యి దానంతటదే జాగ్రత్త పడుతుంది. క్యాను నేల మీద పెట్టే నింపుతున్నా, పికప్ వెనక ప్లాస్టిక్ పట్టా మీద పెట్టి నింపితే స్టాటిక్ రవ్వ పుడుతుంది.

అక్కడే పెదజాలారిపేట తాత ఒకాయన పరిచయమయ్యాడు, వల అల్లుకుంటూ కూర్చున్నాడు. ఫోన్లో ఫొటో చూపిస్తే కాసేపు చూసి, "ఇదేటి బాబూ, మంచమా పడవా" అన్నాడు. మా ఆవిడ మాటే. తర్వాత గొట్టాల సంగతి చెప్పా. ఆయన కుర్రతనంలో తెప్ప మీద వెళ్ళేవాడట, దుంగలు కలిపి కట్టిన తెప్ప, అల కొడితే నీళ్ళు సందుల్లోంచి పైకొచ్చి సందుల్లోంచే పోతాయి, బోల్తా కొట్టినా తిప్పుకుని ఎక్కేయడమే. "మా తెప్పకి మునగడం తెల్దు, దుంగ కదా. నీ దానికి ఊపిరి ఉంది. ఊపిరి ఉన్నదేదైనా పోద్ది. ఆ గాలి ఎలాగుందో రోజూ సూసుకో" అన్నాడు. సముద్రంలోకి తెద్దామా అని అడిగా, భీమిలి దగ్గర గోస్తని కలిసే చోట అయినా. వల మీంచి తల ఎత్తలేదు. "ఆ మొగలో నీళ్ళ వాలుకి గాలి ఎదురొస్తే అల పొట్టిగా నిలువుగా లేస్తది, నీ గొట్టాల మద్దిన దూరి ఫ్లోరుని కింద నుంచి గుద్దుద్ది. నీకు సెరువు సాలు." సరే అన్నా. పద్మనాభం దగ్గర మా బావమరిది వాళ్ళు చెరువు పాట పాడుకుని చేపలు వేశారు, అక్కడికే.

మే 4

నీళ్ళలో దిగింది! ట్రాక్టర్ ట్రాలీ మీద తీసుకెళ్ళి, పైపులు రోలర్లుగా పరిచి తోశాం. దించే ముందు ఆరు ప్లగ్గులూ చేత్తో తిప్పి చూశా, మళ్ళీ మేనల్లుడి చేత చూపించా.

లెక్క రాసుకోండి, ఎవరికైనా పనికొస్తుంది. నా గొట్టం ఒక్కోటి సుమారు 1050 లీటర్లు, ముక్కు కోణం తీసేసి. రెండూ పూర్తిగా మునిగితే 2100 కేజీలు మోస్తాయి, కానీ పూర్తిగా ముంచేదాకా వేసుకుంటే అది జలాంతర్గామి. సగం మునగాలి, అంతే, 1050. పడవ బరువు, ఇంజన్, పెట్రోల్, బ్యాటరీ, లంగరు కలిపి నాలుగు వందలు అనుకున్నా. మిగిలింది 650, అందులో సామాన్లు పోను మనిషికి వంద చొప్పున వేసి ఐదుగురు. గొట్టం నడుముకి చుట్టూ ఎర్ర పెయింట్ గీత కొట్టా. నలుగురం ఎక్కితే గీత నీళ్ళ పైన నాలుగు వేళ్ళు ఉంది. రెండు పక్కలా సమానంగా.

ఎక్కి నిలబడితే నిజంగా ఇంటి ముందు అరుగు మీద నిలబడ్డట్టే ఉంది, వంగదు, ఊగదు. బావమరిది ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపర్ చదివాడు.

మే 11

ఈ రోజుది రాయాలా వద్దా అనుకున్నా. రాస్తున్నా.

పొద్దున్నే ఐదుగురం, గీత లెక్క ప్రకారం సరిపోయాం. లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయి, "ఉన్నాయి" అంటున్నా, వేసుకున్నాం అనట్లేదు, ఎండకి చెమట పడుతోందని ముగ్గురివి కుర్చీల మీద ఆరేసున్నాయి. మేనల్లుడిది ఒంటి మీదే ఉంది కానీ బకిల్స్ పెట్టలేదు. వేరుశనగ చెక్క, తవుడు, కాస్త సోంపు కలిపిన ఎర ముద్దలు, నాలుగు గాలాలు. మొదటి చోట రెండు గంటలు కూర్చున్నా బెండు కదల్లేదు, చోటు మారుద్దామని ఇంజన్ వేసి కాస్త స్పీడుగానే వెళ్తున్నాం. మేనల్లుడు ముందు గేటు బయట అంచు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేలాడేశాడు. ఫొటోలకి బాగుంటుంది అలా. నేనూ ఏమనలేదు.

"మావయ్యా బొచ్చెలు! బొచ్చెలు ఎగురుతున్నాయి!" అని అరిచాడు. నిజంగానే నలభై గజాల దూరంలో నీళ్ళు మరిగినట్టు ఉంది. అంతే, మిగతా ముగ్గురూ లేచి ముందు రెయిలింగు దగ్గరికి పోయారు, ఆ గాభరాలో నేను చేసిన తెలివైన పని ఏంటంటే చేపలు బెదరకూడదని థ్రాటిల్ ఒక్కసారిగా సున్నాకి లాగేశా.

పడవ వెనకాల మనం లేపిన అల మనతోపాటే వస్తుంటుంది. మనం టక్కున ఆగితే అది ఆగదు, వచ్చి వెనక భాగాన్ని ఎత్తింది. ముందేమో మూడొందల యాభై కేజీల మనుషులు. ముక్కు దిగింది. దిగితే చదునైన ఫ్లోరు మీదకి నీళ్ళు పలకలాగా ఎక్కేశాయి, ఎక్కిన నీళ్ళ బరువుకి ఇంకా దిగింది. శబ్దం కూడా లేదు, అదే విచిత్రం. ఇడ్లీల క్యారేజీ తేలుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. మేనల్లుడు నడుం దాకా నీళ్ళలోకి జారిపోయి రెండు చేతులతో గేటు ఊచ పట్టుకుని వేలాడుతున్నాడు, జాకెట్ చంకల్లోంచి పైకి లేచి మొహానికి అడ్డం పడింది.

"వెనక్కి! అందరూ వెనక్కి!" అని అరిచా, బావమరిది పాకుతూ వచ్చాడు, ముక్కు లేచింది. మొత్తం ఐదారు సెకన్లు ఉంటుందేమో. వాడిని పైకి లాగాం. మోకాలు చీరుకుంది, అంతే.

రాత్రి పడుకున్నాక అసలు లెక్క తగిలింది. ముందు నుంచి పడినవాడు పక్కకి పోలేడు, రెండు పక్కలా గొట్టాలు కాలవ గట్టుల్లాగా ఉంటాయి, పడవ ముందుకు పోతుంటే వాడు ఆ మధ్యలోంచి నేరుగా వెనక ప్రొపెల్లర్ దగ్గరికి వస్తాడు. నేను థ్రాటిల్ లాగడం ముక్కు దిగడానికి కారణమైంది, లాగకుండా ఉండి వాడి చెయ్యి జారుంటే ఇంకోటి అయ్యేది. ఇంజన్ ఆపే ఎర్ర తాడు నా మణికట్టుకి ఉండాలి. అది టూల్ బాక్సులో ఉంది, కవరు కూడా విప్పలేదు. మా చెల్లికి ఇంకా చెప్పలేదు.

మే 18

పనులు. బ్యాటరీ, పెట్రోల్ క్యాను వెనక్కి జరిపా, లంగరు నడిమికి తెచ్చా. ముందు గేటుకి తాళం, కదిలేటప్పుడు వేసే ఉంటుంది. గేటుకి మూడడుగుల లోపల ఫ్లోరు మీద పసుపు గీత, ఇంజన్ నడుస్తున్నంతసేపు దాని ముందు ఎవరూ ఉండకూడదు, చేప పడినా సరే, గాలానికి చేప పడినవాడు ఒక్కడే ముందుకి పోవాలి, అదీ ఇంజన్ ఆగాక. జాకెట్ వేసి బకిల్ చప్పుడు నాకు వినపడితేనే పడవ కట్టిన తాడు విప్పేది. ఎర్ర తాడు చేతికి కట్టుకుని లాగి చూశా, ఇంజన్ చచ్చినట్టు ఆగింది. థ్రాటిల్ మెల్లగా దించడం ఖాళీ పడవతో ఇరవై సార్లు ప్రాక్టీసు చేశా, స్కూటర్ నేర్చుకునేవాడిలా.

లంగరు ముందు నుంచే వెయ్యాలి. వెనక ఇంజన్ బరువుకి తోడు లంగరు కూడా కిందకి లాగితే గాలికి లేచిన అల అటే ఎక్కుతుంది. లోతు మూడు మీటర్లయితే తాడు పదిహేను, ఇరవై మీటర్లు వదలాలి, కురచ తాడు అడుగున పట్టదు. గాలాల సంగతి కూడా, ఐదుగురు ఒక అరుగు మీద భుజం మీంచి గాలం విసిరితే ఎవరి చెవో ఒకరిది పోతుంది. ఇద్దరే విసరాలి, ఎడమ మూల ఒకరు, కుడి మూల ఒకరు, కొక్కేల ముల్లు శ్రావణంతో నొక్కేశాం.

సాయంత్రం తూర్పు కనుమల వైపు ఉరిమింది. ఎండాకాలం సాయంత్రాలు ఇంతే కదా ఇక్కడ. మెరుపు తర్వాత లెక్కపెడితే ఇరవై రెండు సెకన్లు, మూడు సెకన్లకి కిలోమీటరు చొప్పున ఏడు కిలోమీటర్లు. ముప్ఫై లోపు వస్తే ఒడ్డుకే. చెరువు నడిమిన అందరికన్నా ఎత్తుగా ఉండేది మనమే, చేతిలో గ్రాఫైట్ రాడ్డు, అది కరెంటు తీగతో సమానం. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోన్లో పెట్టుకున్నా, కానీ చెవులే ముందు చెప్పాయి.

జూన్ 1

ధార ఆగిపోయింది, ఇంజన్ పక్క ధార. వెంటనే ఆపేశా. చూస్తే గుర్రపుడెక్క వేళ్ళు నీళ్ళు పీల్చుకునే జల్లెడకి చుట్టుకుని ఉన్నాయి. తెడ్డు వేసుకుంటూ వచ్చాం, తెడ్లు రెండు ఎప్పుడూ ఉండాలి. ఒడ్డున ప్రొపెల్లర్ కూడా విప్పి చూస్తే వెనకాల నైలాన్ దారం నాలుగు చుట్లు, మా గాలందే, ఇంకో నెల ఉంటే సీలు కోసి గేర్ ఆయిల్లోకి నీళ్ళు పోయేవి. ఇక నెలకోసారి విప్పడమే.

గొట్టాల బదులు తామే తినబడే లోహపు ముక్కలుంటాయి, యానోడ్లంటారు, వాటి కోసం తిరిగితే నాకు దొరికినవన్నీ జింకువే, సముద్రానికి అవి సరే, మంచినీళ్ళలో పైన పొర కట్టి పనిచెయ్యడం మానేస్తాయి. అల్యూమినియంవి ఆర్డర్ పెట్టా.

జూన్ 15

నిషేధం నిన్నటితో అయిపోయింది. తాత వాళ్ళ బోటు తెల్లారగట్లే వెళ్ళిపోయిందని వాళ్ళ మనవడు చెప్పాడు, లేకపోతే ఈ ఆదివారం చెరువుకి తీసుకొద్దామనుకున్నా.

మేనల్లుడు రెండు కేజీల బొచ్చె పట్టాడు, పసుపు గీత వెనక నుంచే. వాళ్ళమ్మకి వాడే చెప్పేశాడట మొత్తం, ఫోన్ చేసి నాకు ఇరవై నిమిషాలు చివాట్లు పెట్టింది.

సాయంత్రం ఒడ్డుకి లాగి ప్లగ్గులు ఒక్కోటీ విప్పా. ఐదు గదులు పొడి. ఎడమ నడి గదిలోంచి నీళ్ళు వచ్చాయి. ఎక్కువ కాదు, అర టీ గ్లాసు. పగలు వేడెక్కిన గాలి రాత్రి చల్లబడి లోపల చెమ్మ పట్టినా ఆ మాత్రం వస్తుంది, లేదా అతుకు దగ్గర వెంట్రుకంత సందు ఉన్నా వస్తుంది. చెమ్మయితే మిగతా ఐదింట్లో ఎందుకు లేదో మరి. ఆ నీళ్ళు ఖాళీ సీసాలో పోసి మూత మీద తేదీ రాసి షెడ్డులో కిటికీ మీద పెట్టా, వచ్చే ఆదివారం పక్కన ఇంకో సీసా పెట్టి చూడాలి. సైకిల్ పంపు మేనల్లుడి దగ్గరే ఉంది, తెమ్మని చెప్పా.